నొప్పి లేని బొడిపె

(నోవై, మిషిగన్ ప్రాంతపు తెలుగువారి కోసం వారాంతంలో వచ్చే రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు వినలేకపోయినవారి కోసం పూర్తి పాఠం ఇక్కడ ఇస్తున్నాం.)



ఈ కార్యక్రమంలో మీరు మామూలుగా పాటలూ, పండగ కబుర్లూ వింటూంటారు. ఈవేళ నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో కాస్త బరువైన విషయం చెప్పబోతున్నాను. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంట్‌ని. మా ఇంట్లో జరిగింది చెప్తాను. దానివల్ల నేను చదువుకున్నదీ, డాక్టర్లని అడిగి తెలుసుకున్నదీ చెప్తాను. మీ మందుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే వినండి, నా మాట కాదు.

ఇది మా మేనమామ కథ. చెప్పమంటారా అని ఆయన్నే అడిగాను. "పేరు చెప్పకు, మిగతాదంతా చెప్పు. నాలాంటివాడు ఇంకొక్కడు విని చొక్కా విప్పి చూసుకుంటే చాలు" అన్నారు.

మావయ్య మిషిగన్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజినీరుగా చేశారు. నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు మొదటి ఆర్నెల్లూ వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉన్నాను. ఆయనకి నలభై రాకముందే షుగరు వచ్చింది, తర్వాత బీపీ. ఆ రెండూ కలిసి కిడ్నీలని తినేశాయి. 2010లో మా అత్తయ్య తన కిడ్నీ ఒకటి ఆయనకి ఇచ్చింది. రక్తం గ్రూపు కలిసింది, మిగతా పరీక్షలూ కలిశాయి. "పెళ్ళప్పుడు జాతకాలు ఇంత బాగా కలవలేదు" అని అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి అలారం మోగేది. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోన్. పెళ్ళిలో ఉన్నా, గుడిలో ఉన్నా, కారు నడుపుతున్నా ఆ మాత్రలు పడాల్సిందే. పదేళ్ళు ఆ కిడ్నీ ఏ పేచీ లేకుండా పనిచేసింది.

2020 ఆగస్టులో, వినాయకచవితినాడు మావయ్య పొట్టిచేతుల చొక్కా వేసుకుని పూజ దగ్గర కూర్చున్న ఫోటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఎడమ మోచేతికి కాస్త పైన బఠాణీ గింజంత బొడిపె కనిపిస్తుంది. ఎరుపూ ఊదా కలిసిన రంగు, నున్నగా, మెరుస్తూ. నొప్పి లేదు, దురద లేదు, చీము లేదు. తోటలో ఏ పురుగో కుట్టిందనుకున్నారు. అవి కోవిడ్ రోజులు. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు ఇంట్లోంచి కదలడానికే భయపడే కాలం. వీడియో కాల్‌లో ఒక క్లినిక్ వాళ్ళకి చూపిస్తే కొవ్వు గడ్డలా ఉంది, కొన్నాళ్ళు చూద్దాం అన్నారు. మేమూ ఊపిరి పీల్చుకున్నాం. నొప్పి లేదు కదా అన్నది మా అందరి ధైర్యం.

అక్టోబరులో దసరా ఫోటో ఉంది. అదే చొక్కా, అదే చెయ్యి. బఠాణీ గింజ రేగుపండంత అయింది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసింది మా అత్తయ్య. "రెండు నెలల్లో ఇంత పెరిగేది ఏ పురుగు కుడితే వస్తుంది నాయనా?" అని నాకు ఫోన్ చేసింది. ఆ వారమే చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చూసీ చూడగానే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపించారు. పది రోజులకి ఫలితం వచ్చింది. మెర్కెల్ సెల్ కార్సినోమా. ఆ పేరు అంతకుముందు మేమెవరం వినలేదు.

మెర్కెల్ అనేది ఒక జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరు. 1875లో ఫ్రీడ్రిష్ మెర్కెల్ చర్మంలో స్పర్శ తెలిపే కణాలను గుర్తించి వర్ణించాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1972లో సిరిల్ టోకర్ అనే వైద్యుడు ఐదుగురు రోగుల చర్మంలో ఒక కొత్తరకం క్యాన్సర్‌ని చూశాడు. దాని కణాలు మెర్కెల్ కణాలని పోలి ఉండటంతో తర్వాత ఆ పేరు స్థిరపడింది. అమెరికా మొత్తంలో ఏడాదికి సుమారు 3,000 మందికి వస్తుంది. సంఖ్య చిన్నదే కానీ జబ్బు చాలా వేగమైనది. వారాల్లో పెరుగుతుంది, త్వరగా లింఫు గ్రంథుల్లోకి పాకుతుంది.

దీని వెనక ఒక వైరస్ ఉందని 2008లో తెలిసింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతుల బృందం పది మెర్కెల్ కణుతులు పరీక్షిస్తే ఎనిమిదింటిలో అంతవరకూ ఎవరూ ఎరగని ఒక వైరస్ దొరికింది. దానికి మెర్కెల్ సెల్ పాలియోమా వైరస్ అని పేరుపెట్టారు. కపోసి సార్కోమా అనే మరో క్యాన్సర్‌కి కారణమైన వైరస్‌ని 1994లో పట్టుకున్నదీ ఈ దంపతులే. ఆ కపోసి కూడా కిడ్నీ మార్పిడి అయినవాళ్ళలో ఎక్కువగా కనిపించే జబ్బే.

ఈ పాలియోమా వైరస్ పెద్దవాళ్ళలో చాలామంది చర్మం మీద ఎప్పుడూ ఉంటుంది. మీ మీదా ఉండవచ్చు, నా మీదా ఉండవచ్చు. ఏమీ చెయ్యదు, ఎందుకంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని అదుపులో ఉంచుతుంది. మెర్కెల్ కేసుల్లో సుమారు ఎనభై శాతం ఈ వైరస్ వల్ల వచ్చేవి. మిగతావి ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ళ తరబడి చర్మాన్ని పాడుచేయడం వల్ల వచ్చేవి.

మరి కిడ్నీ మార్పిడికీ దీనికీ సంబంధం ఏమిటి?

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రీ మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతంగా చేశాడు. ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ ఒకేలా ఉండే కవలలు. మన పక్కనున్న ఆన్ ఆర్బర్‌లో 1964లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ చేసిన మొదటి మార్పిడి కూడా కవల అక్కచెల్లెళ్ళ మధ్యే. కవలలైతే ఒంటికి ఆ కిడ్నీ పరాయిది అనిపించదు. మిగతావాళ్ళకి అలా కాదు. భార్య ఇచ్చినా, తమ్ముడిచ్చినా, ఒంటి కాపలాదారులు దాన్ని పరాయిదిగానే చూసి దాడి చేస్తారు. ఆ కాపలాదారుల్ని జోకొట్టడానికే ఈ మందులు. 1960ల్లో అజతయోప్రిన్ వచ్చింది, 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కి అనుమతి వచ్చింది, తర్వాత టాక్రోలిమస్. ఇవి లేకపోతే మా అత్తయ్య కిడ్నీ మావయ్య ఒంట్లో పది వారాలు కూడా నిలిచేది కాదు.

మనలో ఐటీవాళ్ళు ఎక్కువ కాబట్టి మన భాషలో చెప్తాను. ఒక ముఖ్యమైన ప్రోగ్రామ్‌ని యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ అస్తమానూ అడ్డుకుంటోంది. ఆ ప్రోగ్రామ్ నడవాలంటే యాంటీవైరస్‌ని సగానికి సగం ఆపాలి. ఆపాం, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తోంది. కానీ ఇదివరకు గడప దగ్గరే ఆగిపోయేవి ఇప్పుడు లోపలికి వస్తాయి. క్యాన్సర్‌గా మారే కణాన్ని మొదట్లోనే పట్టి చంపేదీ, చర్మం మీద ఉండే వైరస్‌ని అదుపులో ఉంచేదీ ఆ కాపలాయే.

ఈ సంగతిని మొదట పట్టించుకున్నవారిలో ఇజ్రాయెల్ పెన్ అనే శస్త్రవైద్యుడు ఒకరు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చినవాడు. అవయవ మార్పిడి అయినవాళ్ళకి వచ్చిన క్యాన్సర్ల జాబితా 1968లో డెన్వర్‌లో మొదలుపెట్టాడు. తర్వాత ఆ జాబితా ఆయనతోపాటు సిన్సినాటి వచ్చింది, అంటే మనకి ఐ-75 మీద నాలుగ్గంటల దూరంలోకి. 1999లో ఆయన మార్పిడి అయినవారిలో 41 మెర్కెల్ కేసుల వివరాలు ప్రచురించాడు. వాళ్ళలో సగానికి పైగా ఆ జబ్బుతోనే పోయారు.

2015లో ఇంకా పెద్ద లెక్క వచ్చింది. అమెరికాలో అవయవ మార్పిడి అయిన 1,89,498 మందిని పరిశీలిస్తే 110 మందికి మెర్కెల్ వచ్చింది. మామూలు జనంతో పోలిస్తే దాదాపు 24 రెట్లు. ఈ రెండు అంకెల్నీ కలిపి చూడండి. 24 రెట్లు అని వింటే గుండె జారిపోతుంది. దాదాపు లక్షా తొంభై వేలమందిలో 110 మంది అంటే మార్పిడి అయినవారిలో కూడా ఇది చాలా అరుదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా కిడ్నీ మార్పిడి అయి ఉంటే ఇప్పటికిప్పుడు బెంబేలు పడకండి. ఇంతకంటే చాలా ఎక్కువగా వచ్చేది స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే చర్మపు క్యాన్సర్. దానికీ దీనికీ చేసుకోవలసిన జాగ్రత్త ఒకటే, ఒళ్ళు చూసుకోవడం.

ఇక్కడ మనవాళ్ళందరూ అనే ఒక మాట ఉంది. "చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ళ జబ్బు, మనకి రాదు." మేమూ అదే అనుకున్నాం. ఆ మాటలో సగం నిజం ఉంది. మన చర్మంలోని మెలనిన్ ఎండనుంచి కొంత కాపాడుతుంది. మెర్కెల్ వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా తెల్లవాళ్ళే. కానీ ఎండ ఒక్కటే కారణం కాదని ఇందాక చెప్పాను. వైరస్‌కి చర్మం రంగుతో పనిలేదు. మెలనిన్ ఎండని ఆపుతుందేగానీ టాక్రోలిమస్ చేసే పనిని ఆపలేదు.

ఇంకో సంగతి. ఫిలడెల్ఫియాలో మార్పిడి అయిన నల్లవారినీ, ఆసియావారినీ, ఇతరులనీ పరిశీలించిన చర్మ వైద్యులు, ముదురు రంగు చర్మంలో ఈ క్యాన్సర్లు ఎండ తగలని చోట్ల కూడా వస్తున్నాయని 2016లో రాశారు. ముఖ్యంగా నల్లవారిలో గజ్జల్లోనూ, మర్మావయవాల దగ్గరా కనిపించాయి. అంటే మనవాళ్ళు ఎవరికీ చూపించని చోట్ల అన్నమాట. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గానీ, పెద్దవాళ్ళు గానీ అలాంటి చోట గడ్డ ఉందని నోరు తెరిచి చెప్తారా? కొడుకుతో చెప్పరు, అల్లుడితో అసలే చెప్పరు. డాక్టర్ గదిలో కొడుకు పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చి చెప్తూంటే ఇంకా చెప్పరు. అందుకని ఆ గదిలోంచి ఐదు నిమిషాలు మనం బయటికి వచ్చేయాలి. తెలుగు దుబాసీ కావాలని ముందే అడిగితే ఆసుపత్రులు ఫోన్ మీదైనా ఏర్పాటు చేస్తాయి.

మళ్ళీ మావయ్య దగ్గరికి వస్తాను.

2020 డిసెంబరులో ఆపరేషన్ చేశారు. బొడిపెతోపాటు చుట్టూ కొంత మేర తీసేశారు. చంకలో మొదటి లింఫు గ్రంథిని తీసి పరీక్షిస్తే అందులో కొన్ని కణాలు ఉన్నాయి. తర్వాత చేతికీ చంకకీ రేడియేషన్ ఇచ్చారు. ఈ జబ్బు రేడియేషన్‌కి బాగా లొంగుతుంది.

ఆ తర్వాత అసలు చిక్కు. కాపలాదారుల్ని కొంచెం లేపాలి, మరీ లేపితే కిడ్నీ మీద పడతారు. కిడ్నీ డాక్టరూ, క్యాన్సర్ డాక్టరూ కలిసి కూర్చుని మైకోఫెనోలేట్ ఆపారు, టాక్రోలిమస్ స్థానంలో సిరోలిమస్ పెట్టారు.

ఈ సిరోలిమస్ కథ విచిత్రంగా ఉంటుంది. 1964లో కెనడా నుంచి ఒక బృందం పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఉన్న ఈస్టర్ దీవికి వెళ్ళి మట్టి తెచ్చింది. మాంట్రియల్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేసే మన భారతీయ శాస్త్రజ్ఞుడు సురేంద్రనాథ్ సెహగల్ బృందం ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఈ మందుని తీసింది. ఆ దీవి అసలు పేరు రాపా నుయి కాబట్టి రాపమైసిన్ అన్నారు. కంపెనీ వద్దన్నా ఆయన ఆ సూక్ష్మజీవిని వదలకుండా కాపాడుకున్నాడు. 1999లో కిడ్నీ మార్పిడికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది కిడ్నీనీ కాస్తుంది, కొన్నిరకాల క్యాన్సర్ కణాల పెరుగుదలకీ అడ్డుపడుతుంది. 2012లో వచ్చిన ఒక యూరప్ పరిశోధనలో, అప్పటికే స్క్వేమస్ క్యాన్సర్ వచ్చిన 120 మంది కిడ్నీ గ్రహీతలని రెండు భాగాలు చేశారు. రెండేళ్ళలో సిరోలిమస్‌కి మారినవారిలో 22 శాతం మందికి, పాత మందుల మీదే ఉన్నవారిలో 39 శాతం మందికి కొత్త కణుతులు వచ్చాయి. అలాగని అది అందరికీ పడదు. మావయ్యకి నోట్లో పుళ్ళు, కాళ్ళ వాపు వచ్చాయి. మెర్కెల్‌లాంటి అరుదైన జబ్బులో అంతమందిని కూడగట్టి పరీక్ష చేయడమూ కష్టమే. ఉన్నంతలో డాక్టర్లు ఆలోచించి చేసిన పని అది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. మెర్కెల్ తిరగబడితే ఎక్కువగా మొదటి మూడేళ్ళలోనే తిరగబడుతుంది, అందుకని కొన్ని నెలలకోసారి స్కాన్ తీస్తూంటారు. 2022 ఏప్రిల్‌లో తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మూడు చోట్ల మచ్చలు కనిపించాయి.

ఈ దశకి ఇప్పుడు మంచి మందులున్నాయి. ఇమ్యునోథెరపీ అంటారు. 2017లో అవెలుమాబ్‌కి, 2018లో పెంబ్రోలిజుమాబ్‌కి ఈ జబ్బుకోసం అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు మెర్కెల్ రోగుల్లో మొదటి చికిత్సగా ఇస్తే సుమారు సగంమందిలో కణుతులు తగ్గాయి. అంతకుముందు కీమోతో తగ్గినా కొన్ని నెలలకే తిరగబడేది. అయితే ఈ మందులు చేసేది ఏమిటి? కాపలాదారుల్ని పూర్తిగా లేపుతాయి. పన్నెండేళ్ళుగా మనం జోకొడుతున్నవాళ్ళని ఒక్కసారి తట్టి లేపితే వాళ్ళు క్యాన్సర్ మీదికి మాత్రమే వెళ్ళరు. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి ఇవి ఇస్తే పదిమందిలో సుమారు నలుగురి ఒళ్ళు ఆ కిడ్నీని తిరస్కరిస్తోంది.

డాక్టర్ ఈ విషయం దాచకుండా చెప్పారు. కిడ్నీ పోతే డయాలిసిస్ ఉంది, ఊపిరితిత్తుల్లో ఇది పెరిగితే ఇంకో దారి లేదు అన్నారు. ఆలోచించుకోండి అని వారం గడువిచ్చారు.

ఆ వారం మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మావయ్య వద్దన్నారు. చావుకి భయపడి కాదు, అత్తయ్య ఇచ్చినదాన్ని తన చేతులతో పాడుచేసుకోవడం ఇష్టం లేక. "అది నాది కాదురా, మీ అత్తయ్యది. ఎలా పారేయను?" అని నా దగ్గర ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. అత్తయ్య వంటింట్లోంచి విని వచ్చి ఎదురుగా కూర్చుంది. "నేను ఇచ్చింది మీరు బతకడానికి. దాచుకోవడానికి కాదు. పన్నెండేళ్ళు దాని పని అది చేసింది. ఇంక దాని లెక్క నేను చూడను, మీరూ చూడకండి" అంది. అంతే. మర్నాడు డాక్టర్‌కి ఫోన్ చేశాం.

2022 మే నెలలో మందు మొదలుపెట్టారు. ఐదో వారంలో క్రియాటినిన్ పెరగడం మొదలైంది. స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు, ఆగలేదు. జూలైలో డయాలిసిస్ మొదలైంది. సెప్టెంబరు స్కాన్‌లో ఊపిరితిత్తుల్లోని మచ్చలు సగానికి తగ్గాయి. మరుసటి ఏడాదికి కనపడకుండా పోయాయి. ఇప్పుడు వారానికి మూడు రోజులు, పూటకి నాలుగ్గంటలు డయాలిసిస్ మీద ఉన్నారు. మళ్ళీ మార్పిడి మాట ఇప్పట్లో ఎవరూ ఎత్తడం లేదు. 2025 జూలైలో తానా సభలు మన నోవైలోనే జరిగితే డయాలిసిస్ లేని రోజు చూసుకుని వచ్చి, నీళ్ళు లెక్కగా తాగుతూ, సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళారు.

ఆగస్టులో చూపించి ఉంటే ఇదంతా తప్పేదా అని నన్ను చాలామంది అడిగారు. ఏ డాక్టరూ అలా గట్టిగా చెప్పలేరు. చిన్నగా ఉన్నప్పుడు, గ్రంథుల్లోకి పాకకముందు తీసేస్తే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ అన్నది మాత్రం నిజం. ఆ రెండు నెలలు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నాయి. వీడియో కాల్‌లో చూసినవారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. 2008లో 195 మంది మెర్కెల్ రోగుల వివరాలు పరిశీలిస్తే, ముక్క కోసి పరీక్షించే సమయానికి కూడా సగానికి పైగా సందర్భాల్లో డాక్టర్లు దాన్ని మామూలు గడ్డ అనే అనుకున్నారట.

ఆ పరిశీలన చేసినవాళ్ళే ఇంగ్లీషు అచ్చులతో ఒక గుర్తు ఇచ్చారు. ఏ, ఈ, ఐ, ఓ, యూ. కాగితం ఉంటే రాసుకోండి.

ఏ అంటే ఎసింప్టమాటిక్. నొప్పి, సలుపు లేకపోవడం.

ఈ అంటే ఎక్స్‌పాండింగ్. త్వరగా పెరగడం, అంటే మూడు నెలల లోపల స్పష్టంగా పెద్దదవడం.

ఐ అంటే ఇమ్యూన్ సప్రెషన్. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడటం, లేదా ఆ శక్తిని తగ్గించే జబ్బు ఉండటం.

ఓ అంటే ఓల్డర్. యాభై దాటిన వయసు.

యూ అంటే అల్ట్రావయొలెట్. తెల్లని చర్మం మీద ఎండ తగిలే చోటు.

మెర్కెల్ వచ్చినవాళ్ళలో 89 శాతం మందికి ఈ ఐదింటిలో కనీసం మూడు ఉన్నాయి. మావయ్యకి మొదటి నాలుగూ ఉన్నాయి. మనం ఐదోదాన్ని చూసి మనకి రాదనుకున్నాం.

ఇంట్లో కిడ్నీ గానీ, లివర్ గానీ, గుండె గానీ మార్పిడి అయినవాళ్ళుంటే ఏం చేయాలో చెప్తాను.

నెలకోసారి తలస్నానం రోజున ఒళ్ళంతా చూసుకోవాలి. మాడు, చెవుల వెనక, వీపు, అరికాళ్ళు, గోళ్ళ కింద, నోటి లోపల, గజ్జల్లో. వీపూ మాడూ సొంతంగా కనిపించవు కాబట్టి ఇంట్లోవాళ్ళు చూడాలి. కొత్తది ఏది కనిపించినా పక్కన ఒక పెన్నీ పెట్టి ఫోటో తీయండి. తేదీ ఫోనే వేస్తుంది. రెండు వారాల్లో తగ్గకపోయినా, పెరిగినా ఆగకండి. ఫోన్ చేసినప్పుడు మొదటి వాక్యంలోనే "నాకు కిడ్నీ మార్పిడి అయింది, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నాను, ఈ బొడిపె పెరుగుతోంది" అని చెప్పండి. ఆ మూడు ముక్కలూ వింటే ఎపాయింట్‌మెంట్ ముందుకి జరుగుతుంది. ఏడాదికోసారైనా చర్మ డాక్టర్‌తో ఒళ్ళంతా పరీక్ష చేయించుకోవాలి. మెర్కెల్ అని తేలితే మాత్రం ఆ జబ్బు చూసిన అనుభవం ఉన్నచోటికే వెళ్ళండి. మనకి అరగంట దూరంలో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో దీనికోసమే పనిచేసే బృందం ఉంది.

ఎండ సంగతి కూడా మరవద్దు. కెన్సింగ్టన్ పార్కులో పిక్నిక్ అయినా, పిల్లల క్రికెట్ మ్యాచ్ అయినా టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ ఉండాలి. నల్లబడతామని కాదు, కాపలా తగ్గిన చర్మం కాబట్టి.

మందులు మీకు మీరుగా తగ్గించుకోవద్దు. ఈ ప్రసంగం విని ఎవరైనా "ఈ మాత్రలవల్లే క్యాన్సర్ వస్తుందట" అని రేపు పొద్దున్న ఒక మాత్ర మానేస్తే నేను మేలుకి బదులు కీడు చేసినవాణ్ణవుతాను. ఈ మాత్రలే కిడ్నీని నిలబెడుతున్నాయి. అమెరికాలో 2023లో 27,000కు పైగా కిడ్నీ మార్పిడులు జరిగాయి, మన దేశంలో 13,000కు పైగా. వాళ్ళందరూ ఈ మందుల మీదే బతుకుతున్నారు. ఎంత తగ్గించాలో, ఏది మార్చాలో రక్తపరీక్షలు చూసి డాక్టర్లే చెప్పాలి. అలాగే ఇమ్యూనిటీ పెరుగుతుందని తిప్పతీగ పొడులూ, కషాయాలూ ఇవ్వకండి. మనం తగ్గించాలని చూస్తున్నదే అది. గ్రేప్‌ఫ్రూట్ తింటే టాక్రోలిమస్ రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది.

చివరగా, ఇండియానుంచి అమ్మానాన్నలని పిలిపించుకునేవారికి ఒక మాట. 2013లో హైదరాబాదు నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ మొదలైన తర్వాత మన దగ్గర కూడా మార్పిడులు పెరిగాయి. అలా అయినవాళ్ళు ఇప్పుడు ఆర్నెల్లపాటు మన దగ్గరికి వస్తున్నారు. వాళ్ళు విమానం ఎక్కేముందే అక్కడ చర్మ పరీక్ష చేయించండి. ఆపరేషన్ కాగితాలు, మందుల చీటీ సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోమనండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బులకి డబ్బివ్వవు. ఆ భయంతో పెద్దవాళ్ళు ఒంటి మీద గడ్డ ఉన్నా చెప్పరు, "తిరిగి వెళ్ళాక చూపించుకుంటాలే, మీకెందుకు ఖర్చు" అంటారు. మా ఇంట్లో రెండు నెలల ఆలస్యం ఏం చేసిందో విన్నారు కదా. ఆర్నెల్లు ఆగనివ్వకండి.

ఈ ప్రసంగం మావయ్యకి ముందే చదివి వినిపించాను. డయాలిసిస్ కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. "మీ అత్తయ్య ఫోటోలు పక్కన పెట్టి చూసింది కాబట్టి పట్టుకుంది. ఆ ముక్క గట్టిగా చెప్పు" అన్నారు. చెప్పాను మావయ్యా. విన్నవాళ్ళందరూ ఈ రాత్రి మీ ఫోన్లో పాత ఫోటోలు ఒకసారి తీసి చూడండి.